వట్టి సంచి బరువు

ఉదయం ఆరూ నలభైకి మా బాపు దుకాణం షట్టర్ ఎత్తి, మిర్చి బస్తాలు సర్దకుండా, ఒక వట్టి గోనెసంచిని మడిచి కాంటా మీద పెట్టాడు. ఆరు వందల గ్రాములు చూపింది. సంచిని దులిపి మళ్లీ పెట్టాడు. అంతే చూపింది.

"సరిపోతది బిడ్డా," అన్నాడు నాతో.

అప్పటికి తమ్ముడు జైలుకు వెళ్లి వారం. ఏటూరునాగారం వైపు నుంచి ట్రాలీ ఆటోలో మిర్చి తెస్తుంటే బస్తాల మధ్య గంజాయి సంచి దొరికింది. పోలీసులు తూచితే ఇరవై కిలోల మూడు వందల గ్రాములు వచ్చింది. వాడు తెలిసే ఎక్కించుకున్నాడో, ఎవరైనా రైల్వే స్టేషన్ దగ్గర దించమంటే తెచ్చాడో, బాపు అడగలేదు. నేనూ అడగలేదు. మా ఇంట్లో మాట్లాడుకున్నది బరువు గురించే.

సుబేదారిలో ఉండే మా వకీలు మొదటి రోజే చెప్పాడు. ఇరవై కిలోలు దాటిన కేసు రుజువైతే పదేళ్లకు తక్కువ వేయడానికి జడ్జికి కూడా వీలుండదు. ఇరవై ఏళ్ల దాకా పడవచ్చు. బెయిలు దొరకడం చాలా కష్టం. ఇరవై లోపలైతే పదేళ్లే గరిష్ఠం, తక్కువా వేయవచ్చు, బెయిలు మీద ఆశ ఉంటుంది.

బాపు ముప్పై ఏళ్లు మిర్చి కొన్నవాడు. మార్కెట్లో సంచి బరువు తీసేశాకే సరుకు బరువు. "సంచితోటే తూచి ఉంటరు. సంచి తీసేస్తే ఇరవై లోపలనే ఉంటడు," అనేవాడు. రోజూ తూచేవాడు. మంచు పట్టిన పొద్దున కొంచెం ఎక్కువ చూపేది, ఎండెక్కితే తగ్గేది. "వాన్ని ఏ యాళ్లకు పట్టుకున్నరు బిడ్డా?" అని అడిగేవాడు.

తమ్ముడు చుట్టాలింటికి వెళ్లాడని చుట్టుపక్కల చెప్పుకున్నాం. పక్క దుకాణం ఆయన ఒకరోజు చూసి అన్నాడు.

"ఏం కాకా, మిర్చి బంద్ చేసి వట్టి సంచులు అమ్ముతానవా?"

"నీకైతే ఉద్దెర ఇయ్య, పైసలిచ్చి కొనుక్కో," అన్నాడు బాపు. ఆ నెలలో బాపు నవ్వగా చూసింది అప్పుడే.

బెయిలు పిటిషన్‌కు ముందు నన్ను వెంటబెట్టుకుని వకీలు దగ్గరికి వెళ్లాడు. చంకలో గోనెసంచి.

"ఇది ఆరు వందలుంటది సార్. కావాల్నంటే మీ ముందట తూస్త."

వకీలు కాగితాలు తిరగేశాడు. "గోనెసంచి అని మీకెవరు చెప్పిండ్రు? ఈ కాగితాలల్ల ఎరువు బస్తా అని ఉన్నది. ప్లాస్టిక్‌ది."

"మిర్చి బండిల ప్లాస్టిక్ సంచి ఎందుకుంటది సార్?"

వకీలు ఆ కాగితాన్నే బాపు వైపు తిప్పాడు. బాపు గోనెసంచిని మడిచి మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చాక, పక్కింటి నుంచి వట్టి యూరియా బస్తా అడిగి తెచ్చి కాంటా మీద పెట్టాడు. నూట పది గ్రాములు. చేత్తో అదిమి, తీసి, మళ్లీ పెట్టాడు.

"వాడు ఇరవై మీదనే ఉన్నడు బిడ్డా," అన్నాడు.

బెయిలు రాలేదు. విచారణ మొదలవకముందే బాపు గుండె ఆగి పోయాడు. తమ్ముడు ఇద్దరు పోలీసుల మధ్య వచ్చి కొరివి పెట్టి, ఆ సాయంత్రమే వెళ్లిపోయాడు. కేసు ఇంకా నడుస్తోంది. దుకాణం నేను చూస్తున్నాను. మిర్చి తూకంలో సంచికి ఇంత అని అందాజుగా తీసేస్తున్నాం. మా దుకాణంలో వట్టి సంచిని ఇప్పుడు ఎవరూ కాంటా మీద పెట్టరు.