ఖాళీ కుర్చీ వేయని మనిషి

ఆ సంస్థ పూర్తి పేరు ‘స్వతంత్ర ప్రత్యామ్నాయ ప్రజా కళా సాంస్కృతిక కేంద్రం’. ఒక్క గుక్కలో పలకగలిగినవాణ్ణి వెంటనే కార్యవర్గంలోకి తీసుకునేవారని గిట్టనివాళ్లు అంటారు. ఊరు మాత్రం దాన్ని ‘లాండ్రీ’ అంటుంది, ఎందుకంటే అది లాండ్రీయే. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దిండు గలీబులు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి పంపే కంపెనీ మూతపడ్డాక, ఇంకెవరూ అడగని ఆ భవనంలోకి కళ ప్రవేశించింది. మొదటి ఏడాదంతా పాత ఖాతాదారులు బట్టల మూటలతో వస్తూనే ఉన్నారు. అలా రెండు ప్యాంట్లు, ఒక కోటు పట్టుకొని వచ్చి, నాటకం మధ్యలో లేచిపోవడం మర్యాద కాదని కూర్చుండిపోయిన ఒక పెద్దమనిషి తరవాత పదేళ్లపాటు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఎక్కువగా ఆ కోటులోనే.

కేంద్రం చరిత్ర పద్దెనిమిది పేజీల పుస్తకంగా అచ్చయింది. అందులో ఎక్కడా లేని మనిషి, లాండ్రీలో అందరూ ‘పిన్ని’ అని పిలిచే ఆవిడ.

పిన్ని ఆ లాండ్రీలో పద్నాలుగేళ్లు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడింది. కంపెనీ మూసేసిన రోజున అందరూ వెళ్లిపోయారు. తాళంచెవి ఈవిడ కొంగున ఉండిపోయింది, అడిగినవాళ్లు లేరు. కొన్నాళ్లకు నలుగురు కుర్రాళ్లు వచ్చి, “ఇక్కడ నాటకం ప్రాక్టీసు చేసుకోవచ్చా?” అన్నారు. పిన్ని తాళం తీసింది. పుస్తకంలో మూడు పేజీలు పట్టిన మహత్తర సంస్థాపన ఇదే.

తొలి కార్యక్రమం ఆవిడ తమ్ముడిది. ఇరవై ఎనిమిదేళ్లవాడు, రహస్యంగా కవిత్వం రాసేవాడు. దుప్పట్లు ఆరేసే పొడవాటి గదినే హాలు చేసి, అరవై కుర్చీలు అద్దెకు తెచ్చి వరసలు వేశారు. నలుగురు వచ్చారు. అందులో ఒకాయన మంచినీళ్లకు వచ్చాడు. తమ్ముడు కాగితం తీసి మొదటి పద్యం చదివాడు, తలెత్తి చూశాడు. రెండోది చదివాడు, మళ్లీ చూశాడు. వాడి కళ్లు నలుగురి మీద ఆగడం లేదు, యాభై ఆరు కుర్చీల మీద తిరుగుతున్నాయి. మూడోది సగంలో ఆపి, గొంతు బాగాలేదని చెప్పి దిగిపోయాడు.

ఆ మరుసటి ఏడు వాడికి బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది. లాండ్రీ ముందే స్టాపు. రోజుకు ఆరుసార్లు “లాండ్రీ, లాండ్రీ దిగాలి” అని అరిచేవాడు. ముప్పై ఏళ్లలో తాను ఒక్కసారీ దిగలేదు.

పిన్ని అప్పుడే ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరితోనూ చర్చించలేదు, తీర్మానమూ చేయలేదు. కార్యక్రమానికి ముందు ఒక్క మడతకుర్చీ కూడా వేసేది కాదు. అన్నీ తలుపు వెనక పేర్చి ఉండేవి. మనిషి గుమ్మంలో కనిపించగానే ఒక కుర్చీ చంకలో పెట్టుకొని వెళ్లి, చప్పుడు కాకుండా విప్పి వేసేది. తొమ్మండుగురొస్తే తొమ్మిది, నూరుమందొస్తే నూరు. తాను మాత్రం తలుపు దగ్గర నిలబడే ఉండేది. ఆ హాల్లో వేదికెక్కిన ఏ మనిషికీ ముప్పై ఏళ్లపాటు ఖాళీ కుర్చీ కనబడలేదు. కార్యక్రమం అయ్యాక కార్యదర్శి రిజిస్టరు తెరిచి, “ఎలా జరిగింది పిన్నీ?” అంటే ఒకటే జవాబు.

“హాలు నిండింది.”

అబద్ధం కాదు. ఆయన అలాగే రాసుకునేవాడు. ముప్పు వచ్చింది ఈ రెండు ముక్కల వల్లే.

కేంద్రానికి ముప్పై ఏళ్లు నిండిన సందర్భంగా కార్యదర్శి పైవాళ్లకు ఒక దరఖాస్తు పెట్టాడు, ఫ్యాన్ల కోసం. రిజిస్టరు నకలు జతచేశాడు. ముప్పై ఏళ్లుగా ఒక్క రోజు కూడా తప్పకుండా నిండుతున్న హాలు దేశంలో ఇంకొకటి లేదని అక్కడి అధికారికి కళ్లు చెమర్చాయట. ఇంత జనం మడతకుర్చీల్లో అవస్థ పడుతున్నారని తలచి, నేలకు బోల్టులతో బిగించే రెండు వందల నలభై సీట్లు మంజూరు చేశాడు. ఫ్యాన్ల ప్రస్తావన లేదు.

సరిగ్గా ఆ నెలలోనే తమ్ముడు రిటైరయ్యాడు. వాడి ఆఖరి ఖాకీ చొక్కా పిన్ని ఉతకడానికి తీసుకుంది. జేబులు చూడకుండా బట్ట నీళ్లలో వేయకూడదనేది లాండ్రీలో మొదటిరోజు నేర్పే పాఠం. జేబులో నాలుగు మడతల కాగితం. చదివింది. మడతల దగ్గర అక్షరాలు అరిగిపోతున్నాయని దానిమీద గుడ్డ పరిచి, గోరువెచ్చగా ఇస్త్రీ చేసి, చొక్కాతోపాటు తిరిగి ఇచ్చింది.

“చూశావా?” అన్నాడు తమ్ముడు.

“చూశాను. ఇలాంటివి ఇంకెన్ని?”

“ఉన్నాయిలే అక్కా. ట్రిప్పుకొకటి కాదుగానీ, డ్యూటీకొకటి.”

“శనివారం సాయంత్రం వచ్చి చదువు.”

“అరవైయేళ్లు వస్తున్నాయే నాకు.”

“వస్తే ఏమైంది, అద్దాలు తెచ్చుకో.”

వాడు చొక్కా మడత సవరిస్తూ, “నలుగురికి చదవలేనక్కా,” అన్నాడు మెల్లగా.

“నలుగురికే ఎందుకు చదువుతావు? హాలు నిండుతుంది,” అంది పిన్ని.

మాట ఇచ్చి లాండ్రీకి వచ్చేసరికి బిగింపు పనివాళ్లు నేలకు తూట్లు పొడుస్తున్నారు. వరసకు పన్నెండు, ఇరవై వరసలు.

“వీటిని ఊడదీయించు నాయనా,” అంది కార్యదర్శితో.

“గవర్నమెంటు బోల్టు పిన్నీ, ఊడదీస్తే సంజాయిషీ అడుగుతారు. అయినా భయమెందుకు, మనకు జనం కొత్తా? నా మొదటి నాటకానికే హాలు నిండింది, గుర్తుందా? ఆ రోజు ఆ జనాన్ని చూసే కదా నేను ఈ దారిలో ఉండిపోయాను.”

“నిండింది,” అంది పిన్ని. ఆ రోజు వేసినవి తొమ్మిది కుర్చీలని అనలేదు.

శనివారం వచ్చింది. ఆరుకు పది నిమిషాలుందనగా హాల్లో ఉన్నవాళ్లు పదకొండుమంది. రెండు వందల ఇరవై తొమ్మిది సీట్లు కొత్త రంగుతో నిగనిగలాడుతూ ఎవరినో మింగడానికి నోరు తెరుచుకున్నట్టున్నాయి. లోపలి గదిలో తమ్ముడు అద్దాలు తుడుచుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు తలలు లెక్కపెట్టిన మనిషి, ఒక్క చూపు చాలు వాడికి.

పిన్ని తలెత్తి కప్పు వైపు చూసింది. ఆరేసే తీగలు అలాగే ఉన్నాయి, గోడనుంచి గోడకు, వరస వెంట వరస. కప్పీలూ ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా వాటిని కార్యవర్గం ‘పారిశ్రామిక సౌందర్యం’ అంటూ వచ్చింది. ఆవిడ గబగబా వెళ్లి పాత బీరువాలోంచి ఆసుపత్రి దుప్పట్లు పట్టుకొచ్చి, మొదటి వరస వెనకున్న తీగను కిందికి దించి దానిమీద వేసింది.

“అందరినీ ముందు వరసలోకి పిలువు. తరవాత తాడు లాగు,” అంది కార్యదర్శితో.

అతడు లాగాడు. కప్పీ ఒక్కసారి మూలిగి తిరిగింది. మొదటి వరస వెనక తెల్లటి దుప్పట్లు తీగతోపాటు పైకి లేచి, నేలదాకా జాలువారి, పంతొమ్మిది వరసలను మాయం చేశాయి. కార్యదర్శి చేతిలో తాడు పట్టుకొని కాసేపు ఆ దుప్పట్లనూ, వాటి ముందు దగ్గరదగ్గరగా కూర్చున్న మనుషులనూ చూశాడు.

“పిన్నీ, నా నాటకానికి ఎంతమంది వచ్చారు?”

“తాడు గట్టిగా కట్టు నాయనా, జారుతుంది.”

అప్పుడు చూసింది పిన్ని. వరసకు పన్నెండు సీట్లు, మనుషులు పదకొండు. చివర ఒక్క సీటు, నడిదారి పక్కనే, వేదికకు ఎదురుగా. మడతకుర్చీ అయితే చంకలో పెట్టుకుపోయేది. దీనికి నాలుగు బోల్టులు. వేదిక పక్కనున్న గుమ్మం వైపు చూసింది. ఎవరూ రావడం లేదు. తమ్ముడు అప్పటికే వేదిక మెట్టెక్కుతున్నాడు.

పిన్ని నడిచి వెళ్లి ఆ సీట్లో కూర్చుంది.

ఆ హాల్లో ఆవిడ కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది. పక్కకు తిరిగి చూస్తే, కార్యదర్శి తలుపు దగ్గర, పాత మడతకుర్చీ ఒకటి చంకలో పెట్టుకొని, ఎవరైనా వస్తారేమోనని నిలబడి ఉన్నాడు.

తమ్ముడు అద్దాలు పెట్టుకొని, అలవాటు కొద్దీ ఎడమనుంచి కుడికి లెక్కపెట్టాడు. పన్నెండు దగ్గర వాడి చూపు ఆగింది.

“ఆ దుప్పట్ల వెనక ఏముందక్కా?” అన్నాడు.

“బట్టలు ఆరేశాం. నువ్వు చదువు.”

వాడు ఇంకోసారి ఆ చివరనుంచి ఈ చివరకు చూశాడు.

“సీటు ఖాళీ లేదు,” అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. తరవాత ఇస్త్రీ కాగితం విప్పి, “రైట్,” అని మొదలుపెట్టాడు.