మెషిన్‌లో పారిన కాలువ

హైదరాబాదులో కంప్యూటరు ముందు కూర్చుని బాన్సువాడ వైపు కాలువలో నీళ్లు అంకెల్లో పారించి చూడడం నా ఉద్యోగం. ఆ పొలాలను ఎన్నడూ చూడలేదు. 1984 మార్చిలో నా లెక్క ప్రకారం చివరి తూముకు నీళ్లు పుష్కలం. అందుకని దానికి నీళ్లు వదిలే వంతును మా ఆఫీసువాళ్లు ఎనిమిది రోజుల నుంచి ఐదుకు తగ్గించాలనుకున్నారు. ఆర్డరు వెళ్లేలోగా ఆ తూమును ఒక్కసారి కళ్లారా చూడాలనిపించింది. సెలవు పెట్టి, పొద్దున ఆరింటి బస్సెక్కాను.

పదకొండున్నరకు బాన్సువాడ. బస్టాండు దగ్గర పూరీ తిని వర్ని బస్సు పట్టుకున్నాను. పక్క సీట్లో సాయవ్వ అనే అరవై ఏళ్ల రైతు. నా ఒళ్లోని మడతల కాగితాలు చూసింది.

"గవేంది బిడ్డా?"

"మీ కాలువే అవ్వా. మెషిన్‌లో పారించి చూశాం." తూము నంబరు చెప్పాను.

"గది మాదే! నీళ్లొచ్చినయా?"

"వచ్చాయి."

"మాకు రాలే."

ఆమె వెంటే దిగాను. గట్టు మీద రెండు మైళ్లు నడిచాం. వెళ్లేవాళ్లు గొడుగు మరవకండి, నీడ లేదు. పొలం నెర్రెలు విచ్చింది. పొట్టకొచ్చిన వరి పసుపు తిరిగింది. కాలువలో మోకాలి లోతు పూడిక, దాని మీద తుంగ. మెషిన్‌లోని కాలువకు పూడిక లేదు. నేను చెప్పలేదు మరి.

ఆమె పెట్టిన జొన్నరొట్టె తింటుంటే ఒక ఆలోచన పట్టుకుంది. మెషిన్‌లోని పొలానికి తాను వట్టి అంకెలేనని తెలియదు. నేను ఎండంటే ఎండ, వానంటే వాన. మనమూ అలాగే ఎవరి మెషిన్‌లోనో ఉంటే? ఈ రొట్టె రుచితో సహా? అవ్వతో అనేశాను.

ఆమె నా చేతిలో ఇంకో రొట్టె పెట్టింది.

"ఉంటె ఉండనియ్యి. గా నడిపెటోడు నీ లెక్కనే బస్సెక్కొచ్చి చూస్తడా?"

పొద్దుగూకేదాకా ఇద్దరం కర్రతో పూడిక లోతు కొలిచాం. రాత్రికి బాన్సువాడ లాడ్జి. పొద్దున తొమ్మిదింటికి పోస్టాఫీసు నుంచి మా ఆఫీసరుకు ట్రంకాల్ చేశాను.

"మెషిన్ తప్పు చెబుతుందా?" అన్నారాయన.

"తప్పు నాది సార్. పూడిక లేని కాలువను దానికి చెప్పాను."

లైన్లో గరగర. "సరే, ఆర్డరు ఆపుతాను. కొలతలు పట్రా."

పదింటి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఈ లోకం ఎవరి మెషిన్‌లో నడుస్తోందో దారిపొడవునా ఆలోచించినా తేలలేదు. నిజమో అంకెలో, నీళ్లందని వరి ఎండుతుంది. నిన్న గట్టు మీద ఆ పసుపు తిరిగిన వరిని సాయవ్వ చేత్తో నిమురుతుంటే నా గుండె కలుక్కుమంది. అలా కలుక్కుమనడం మెషిన్‌కు ఎలా చెప్పాలో నాకు తెలియదు.