తూర్పు గట్టు లెక్క

పొద్దున్నే టీ నీళ్లు మరిగేలోపు ప్లంబరు గుప్పెడు చిక్కుడు గింజలు పళ్లెంలో విసిరి, వెంటనే గుడ్డ కప్పేసి "ఎన్ని?" అనేవాడు. భార్య కళ్లతోనే అంచనా కట్టి చెప్పాలి. తర్వాత ఇద్దరూ ఏరి లెక్కపెట్టుకునేవాళ్లు. నీటిపిట్టల్ని లెక్కపెట్టేవాళ్లకి అదే సాధన. గాల్లోకి లేచిన మందని ఒకటీ రెండూ అని లెక్కపెడుతూ కూర్చుంటే అవి ఆగుతాయా? ఓడినవాళ్లు ఆ పూట గిన్నెలు కడగాలి. ఎక్కువసార్లు ఆయనే కడిగేవాడు. కావాలనే ఓడిపోతున్నాడని ఆవిడకి తెలుసు, తెలిసినా ఊరుకునేది.

ఇప్పుడు గింజలు డబ్బాలోంచి నేరుగా గిన్నెలోకే పోతున్నాయి.

వానాకాలంలో గుండె పట్టేసి పోయాడాయన. చలి మొదలవగానే, ఆవిడ తమ్ముడూ అని పిలిచే మందులషాపతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఏటా వీధి వెనక మడుగు మీద పిట్టల లెక్క నడిపించేది అతనే.

"అక్కా, తూర్పు గట్టు మీద బావ చోటు ఖాళీగా ఉంది. నువ్వు రావాలి."

"వాటి పేర్లయినా సరిగ్గా రావు తమ్ముడూ నాకు."

"పేర్లకి నేనున్నాగా. ఈసారి లెక్క చూసే మునిసిపాలిటీ వాళ్లు మడుగు సంగతి తేలుస్తారట. ఇప్పటికే ఓ పక్క మట్టి పోస్తున్నారు, పిట్టలు లేవంటే పూర్తిగా పూడ్చేసి గోడౌన్లు కడతారు."

లోపల్నుంచి ఆడబిడ్డ అందుకుంది. "మనిషి పోయినా ఆ పిచ్చి ఇల్లు వదల్లేదు! వెళ్లు వదినా, బాతులు నీకోసం ముస్తాబై కూర్చున్నాయి." అంటూనే అన్న స్వెట్టరు తెచ్చి వదిన భుజాల మీద కప్పింది.

లెక్క రోజున మందులషాపు వాళ్లు పడమటి గట్టు మీద, ఆవిడ తూర్పు గట్టు మీద. మంచు విడిచేసరికి ఆవిడ ముందు నాలుగు కొంగలు, ఉత్త నీళ్లు. ఇంతలో అవతల లారీ మట్టి కుమ్మరించిన చప్పుడు. బాతుల మంద రివ్వున లేచి, ఆవిడ తల మీదుగా తిరిగి ఇటువైపు నీళ్లలో దిగింది. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. అంచనా కట్టి రాసేసింది. అవతలి గట్టు నుంచి లేచొచ్చినవాటిని ఇవతల లెక్కలో వెయ్యకూడదు. ఆయన పక్కనుంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడు.

మొత్తం పోయినేటికన్నా బాగా ఎక్కువొచ్చింది. మునిసిపల్ ఆఫీసు గుమాస్తా కాగితం చూసి మెచ్చుకున్నాడు. "చూశారా, ఓ పక్క మట్టి పోస్తున్నా పిట్టలు పెరిగాయి. పూడిస్తే వాటికొచ్చే నష్టమేం లేదన్నమాట!"

మడుగు నిలుస్తుందని తను పెంచిన అంకే పూడ్చడానికి సాకైందని ఆవిడకి అప్పుడు వెలిగింది. బయటికి రాగానే మందులషాపు తమ్ముడితో జరిగింది చెప్పేసింది. "మీరు చూసినవే నా దగ్గరికొచ్చాయి తమ్ముడూ. ఒకటే మందని రెండుసార్లు వేశాం."

మర్నాడు ఇద్దరూ వెళ్లి అంకె దిద్దించారు. గుమాస్తా కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఇంతేనా? ఈ కాసిన్ని బాతుల కోసమా ఇంత గొడవ!"

"నిన్న ఎక్కువున్నాయని పూడుస్తామన్నారుగా?" అందావిడ.

"ఏం చేస్తామమ్మా, పైవాళ్లు చూసుకుంటారు" అని అతను ఫైలు మూసి పక్కన పెట్టాడు.

దారిలో మందులషాపు తమ్ముడు అన్నాడు, "అక్కా, నువ్వు చెప్పకపోయినా ఇదే అయ్యేది." ఓదార్పుకే అన్నాడు. ఆవిడకి మాత్రం ఆ మాటే గుచ్చుకుంది. ఎక్కువ చెప్పినా అంతే, తక్కువ చెప్పినా అంతే అయితే, ఇన్నేళ్లు ఆయన చలిలో నిలబడింది దేనికి?

వారం తిరక్కుండా లారీల వరస మొదలైంది. దుమ్మంతా వీధిలో ఇళ్ల మీదే. మడుగు వైపున్న వంటింటి కిటికీ అద్దానికి మట్టిపొర కట్టింది.

"వదినా, ఆ అద్దం ఓసారి తుడవరాదూ? పగలే చీకటిగా ఉంది" అంది ఆడబిడ్డ.

ఆవిడ గుడ్డ తడిపి, పిండి, కిటికీ దాకా వెళ్లింది. అద్దం అవతల లారీ వెనక్కి వస్తున్న చప్పుడు. ఆ వెంటే మట్టి మడుగు నీళ్లలో పడింది.

"లైటు వేసుకో" అని, గుడ్డ తీసుకెళ్లి తీగ మీద ఆరేసింది.