నాన్న పెట్టిన పరీక్ష

ఈ రోజు మా ఊళ్ళో ఇందా అనే పేటలోని ఓ నర్సింగ్ హోమ్‌లో నాన్నకు కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ జరిగింది. పొద్దున్నే నర్సు దీదీ వచ్చి "ఏ కాలు, కాకూ?" అని బెంగాలీలో బాబాయ్ వరస కలిపి అడిగింది. కాసేపటికి మత్తు డాక్టరూ అదే అడిగాడు. పొరపాటు జరగకుండా అందరూ అలాగే అడుగుతారని నేను చెప్పినా, రైల్వే వర్క్‌షాపులో రిటైరైన నాన్న నమ్మలేదు.

"ఇంతమంది అడుగుతున్నారంటే ఒక్కడికీ తెల్దన్నమాట. ఇంటికెళ్ళిపోదుమేటమ్మా?" అన్నాడు.

చివరికి సర్జన్ మోకాలి మీద గుర్తు పెట్టడానికి పెన్ను పట్టుకొచ్చి మళ్ళీ అడిగాడు. నాన్న తడుముకోకుండా "ఎడమది" అన్నాడు. పెన్ను ఆగిపోయింది. ఎక్స్‌రేలు మళ్ళీ తెప్పించి చూసి, నన్ను పిలిచి అడిగి, అప్పుడు కుడి మోకాలికే గుర్తు పెట్టారు.

"అలా చెప్పావేంటి నాన్నా?" అన్నాను.

"పరీక్షెట్టినాను. నేను సెప్పింది కోసెత్తారో, సూసి కోత్తారో తెలాలి కదా!"

సాయంత్రం మెలకువ రాగానే నాన్న నన్ను అడిగిన మొదటి మాట, "ఏ కాలు కోసినారే?"

"కుడిదే నాన్నా" అన్నాను ధీమాగా. ఎందుకంటే, ఆయన నిద్రలో ఉండగానే దుప్పటి ఎత్తి చూసేశాను.

నిజం చెప్పండి, మీరైతే చూడరా?