పన్నెండో బిళ్ల

ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వి ఊరుకుంటారు గానీ, ఆ రోజుల్లో ఓడిపోవడం అనే విద్యలో మా ఇల్లందు కాలేజీ ఫుట్‌బాల్ జట్టును మించినవాళ్లు జిల్లాలో లేరు. రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయిన కాలం అది. సెల్‌ఫోను ఉన్నవాడు దాన్ని చొక్కా జేబులోంచి సగం బయటికి కనబడేలా పెట్టుకు తిరిగేవాడు. మేము ఎక్కడికి ఆడటానికి పోయినా, బస్సు దిగగానే అవతలి కాలేజీవాళ్లు ఎదురొచ్చి చాయ్ తాగించేవారు. గెలుపును ఇంటికి తెచ్చి ఇచ్చేవాళ్లకు ఎవరు మాత్రం మర్యాద చేయరు? అలాంటి జట్టుకు గోల్‌కీపర్‌ని నేను. పరుగెత్తితే నాకు ఆయాసం, భుజాలు మాత్రం బీరువా అంత వెడల్పు. "నువ్వేం చెయ్యకురా, ఊకె అడ్డం నిలబడు. కొన్ని వాటంతట అవే నీకు తాకుతయి" అన్నాడు మా కెప్టెన్. (తాకాయి కూడా. ఒకటి ముక్కుకు.)

కెప్టెన్‌ది గుండాల వైపు అడవిలో ఊరు. హాస్టల్లో ఉండి చదువుకునేవాడు. మిగతా పదిమందిమీ బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలం, కాలనీ క్వార్టర్లలో గోడకు గోడ ఆనించుకుని పెరిగినవాళ్లం. అదనపు ఆటగాళ్లనే మాట మాకు తెలియదు. పదకొండు మంది దొరకడమే గొప్ప. కాలేజీలో ఆటల సారు పోస్టు ఎన్నేళ్లుగానో ఖాళీ. ఆ ఏడాది మా నాన్న, ఇంకో ఇద్దరు పెద్దలు కలిసి మాకు కోచ్‌గా లాంపు తాతను పట్టుకొచ్చారు. తాత గని లాంప్ రూంలో ముప్పై ఏళ్లు దీపాలు ఇచ్చి పుచ్చుకుని రిటైరైన మనిషి. ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు. ఎండాకాలంలోనూ నల్ల స్వెట్టర్ విప్పడు. మొదటి రోజు బంతి తెస్తాడనుకుంటే, మేకులు కొట్టిన ఓ చెక్క బోర్డు, చిన్న గోనెసంచి తెచ్చాడు. సంచిలో పాత ఇత్తడి బిళ్లలు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు.

గనుల సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. కిందికి దిగేవాడు తన నంబరున్న బిళ్లను లాంప్ రూంలో ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయాక బోర్డు మీద బిళ్ల మిగిలిందంటే, ఆ మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. తాత మాకు తలా ఒక బిళ్ల ఇచ్చి, ఇదే పద్ధతిని ఫుట్‌బాల్‌కు పెట్టాడు. "గ్రౌండుల అడుగుపెట్టేటోడు బిళ్ల నాకియ్యాలె. ఆటైనంక తీస్కోవాలె. బోర్డు ఖాళీ కాకుంట నేను ఇంటికి పోను" అన్నాడు.

"ఇదేమన్న గనా తాతా? గ్రౌండే గద" అన్నాను నేను, తెలివి చూపించుకోవాలని.

"దిగుడు ఎవడైన దిగుతడు బిడ్డా. పైకొచ్చుడే లెక్క" అన్నాడు తాత. ఆ మాటకు మావాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను గానీ, అరికాళ్లలో ఎందుకో చల్లగా అనిపించింది.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, మేము పదకొండు మందిమి, బోర్డు మీద మేకులు పన్నెండు. పన్నెండో మేకుకు అరవై నాలుగో నంబరు బిళ్లను తాతే తన చేత్తో తగిలించేవాడు. ఆట అయ్యాక మేము పదకొండు మందిమీ బిళ్లలు తీసుకుని పోతుంటే, ఆ ఒక్కటి వేలాడుతూ ఉండేది. తాత దాని ముందు కూర్చుని ఉండేవాడు. పొగమంచు విడిపోయి ఎండ వచ్చేదాకా కూర్చుని, అప్పుడు బిళ్ల తీసి సంచిలో వేసుకుని ఇంటికి పోయేవాడట. ఎవరిదని అడిగే ధైర్యం మాకు లేదు. స్పేర్ బిళ్ల అయి ఉంటుందని మాకు మేమే సర్దిచెప్పుకున్నాం.

మా గ్రౌండు ఊరి చివర, మూతపడ్డ ఒక గని పక్కన ఉండేది. గని నోటికి ఇటుక గోడ కట్టేశారు. దాని వెనక నుంచి టేకు అడవి మొదలు. చలికాలం తెల్లవారాక ఆరున్నరకు ప్రాక్టీసుకు వస్తే, మంచులో నా గోల్ పోస్టు నుంచి సగం గ్రౌండు కూడా కనబడేది కాదు. మనుషులు నీడల్లా వచ్చి పోతుండేవారు. అలాంటి ఒక పొద్దున, మావాళ్లందరూ అవతలి గోల్ దగ్గర అరుచుకుంటుండగా, నా వెనక ఎవరో దగ్గారు. లోపల్నుంచి బొగ్గు దుమ్ము గీరుకుంటూ వచ్చే దగ్గు. మా నాన్న దగ్గుతో పెరిగినవాణ్ణి, ఆ దగ్గు నాకు తెలియనిది కాదు. వెనక్కి తిరిగాను. గోడ, మంచు, టేకు చెట్లు. అంతే. ఇంకో రోజు నన్ను దాటిపోయిన బంతి ఆ గోడ వైపు మంచులోకి దొర్లిపోయింది. తేవడానికి పోదామా వద్దా అని నేను ఆలోచిస్తుండగానే, మెల్లగా దొర్లుకుంటూ తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది. అటువైపు నేల పల్లం. బంతి అటు పోవాలి గానీ ఇటు రాకూడదు. ఆ రోజు నేను గోల్ వదిలేసి మైదానం మధ్యలో ఆడాను. "కీపర్ ముందుకొచ్చి ఆడుడు కొత్త పద్ధతి" అని బుకాయించాను.

ఇంట్లో అమ్మకు చెబితే నిమ్మకాయతో దిష్టి తీసి, దాన్ని గోల్ పోస్టు మొదట్లో పెట్టి రమ్మంది. పెట్టాను. మర్నాటికి మాయమైంది. రెండు రోజులు నాకు అన్నం సహించలేదు. (మా లెఫ్ట్ బ్యాక్ దాన్ని షర్బత్ చేసుకున్నాడని తర్వాత తెలిసింది. వాడికి ఏమీ కాలేదు, అదే నాకు బాధ.)

అసలు విచిత్రం ఏమిటంటే, మేము గెలవడం మొదలుపెట్టాం. మా జట్టులో ఎడమవైపు ముందు ఆడేవాడు పిరికివాడు, బంతి వస్తే పక్కకు తప్పుకునే రకం. అయినా ఆ వైపు ఎవరు గుడ్డిగా తన్నినా బంతి మావాళ్లకే చేరేది. ఖమ్మం జట్టుతో మొదటి మ్యాచ్ సగంలో వాళ్ల కెప్టెన్ రిఫరీ దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "సార్, వీళ్లు పన్నెండు మంది ఆడుతుండ్రు!" అన్నాడు. రిఫరీ ఆట ఆపి, మమ్మల్ని వరసగా నిలబెట్టి, గొర్రెలను దొడ్డిలోకి తోలేటప్పుడు లెక్కపెట్టినట్టు వేలు పెట్టి లెక్కపెట్టాడు. పదకొండు. తల్లాడ దగ్గర ఆడినప్పుడూ ఇదే ఫిర్యాదు. మళ్లీ లెక్క, మళ్లీ పదకొండు. సెమీఫైనల్‌కు వచ్చేసరికి రిఫరీ మ్యాచ్ మొదలుకాకముందే మమ్మల్ని లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. గీత పక్కన నల్ల స్వెట్టర్‌లో ఉన్న తాతను చూసి పొరబడుతున్నారని మాకు మేము చెప్పుకున్నాం. కానీ ఆట జరిగేంతసేపూ తాత బోర్డు పక్కనుంచి లేచేవాడే కాదు.

మావాళ్లకు భయం లేదా అంటే ఉంది, గెలుపు దాన్ని కప్పేసింది. కెప్టెన్‌కు మాత్రం నిజంగానే భయం లేదు. "మా ఊర్ల పోయినోళ్లకు పెట్టకుంట కొత్త పంట ముట్టం. వాళ్లు మన నడుమనే ఉంటరు. గందుల భయమేంది?" అనేవాడు. నాకు మాత్రం గోల్‌లో నిలబడితే వీపు మీద ఎవరి చూపో ఉన్నట్టుండేది. ఫైనల్‌కు రెండు రోజుల ముందు, అన్నం తింటూ నాన్నను అడిగాను. "నాన్నా, అరవై నాలుగో నంబరు బిళ్ల ఎవరిది?" నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ నంబరు నీకెవరు చెప్పిండ్రు?" అన్నాడు. నేను జవాబు చెప్పేలోపే చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ఇక నాకు ధైర్యం చాలలేదు. బోర్డు మీద మిగిలిన బిళ్ల ఉన్నంతవరకే ఆ మనిషి కిందున్నట్టు లెక్క కదా, బిళ్లే లేకపోతే మనిషీ ఉండడని నాకు తోచింది. గని కాలనీలో పుట్టినవాడికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది.

ఫైనల్ భద్రాచలంలో. ముందురోజు బస్సులో పోయాం. పాల్వంచ దాటాక అడవి మధ్యలో తాత కునుకు తీస్తుంటే, సంచిలో చెయ్యి పెట్టి అరవై నాలుగును తీసి నా మేజోడులో దాచుకున్నాను. ముఖ్య అతిథికి పది గంటలకు ఇంకెక్కడో ప్రారంభోత్సవం ఉందట, అందుకని మ్యాచ్ పొద్దున్నే పెట్టారు. గోదావరి మీంచి మంచు గోడలా లేచి గ్రౌండు మీదికి వచ్చేసింది. తాత మా పదకొండు బిళ్లలు తీసుకుని తగిలించాడు. పన్నెండోదాని కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. వెతికాడు. సంచి తిరగేసి దులిపాడు. మోకాళ్ల మీద కూర్చుని గడ్డిలో తడిమాడు. నేను గోల్‌లోకి పరుగెత్తాను.

మొదటి సగంలో నా వెనక దగ్గు లేదు, చూపు లేదు. మహా ప్రశాంతంగా ఉంది. ఎడమవైపు తన్నిన బంతులన్నీ ఎవరూ లేని చోటికి పోయాయి. అవతలి జట్టు ఒక గోల్ కొట్టింది. పన్నెండు మంది ఆడుతున్నారని ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ఫిర్యాదు వినబడకపోవడం మావాళ్లకు ఎంత దిగులు పుట్టించిందో చెప్పలేను. "మనం ఇయ్యాల పదకొండు మందిమే ఉన్నమురా" అన్నాడు మా లెఫ్ట్ బ్యాక్, ఏడుపు గొంతుతో.

విరామంలో తాత దగ్గరికి పోయాను. ఖాళీ మేకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ముఖం ఒక్క గంటలో పదేళ్లు ముసలిదైపోయింది. మేజోడులోంచి బిళ్ల తీసి ఆయన చేతిలో పెట్టాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"భయపడ్డవా బిడ్డా?" అన్నాడు.

"అవ్ తాతా."

"వీడు నా దోస్తు. కాలనీ టీముల లెఫ్ట్ అవుట్, ఎడమదిక్కు ముంగట ఆడెటోడు, గాలి లెక్క ఉరికెటోడు. ఇరవై ఏండ్లాయె, ఆ పొద్దు దీపం నా చేత్తోనే ఇచ్చిన. మన గ్రౌండు పక్క గనిల పైకప్పు కూలింది. అందరు వచ్చిండ్రు, వీడు రాలె. షిఫ్టు ఐపోయిందని నన్ను ఇంటికి పొమ్మన్నరు. బిళ్ల బోర్డు మీదనే ఉంది, నేనెట్ల పోత?" అని, బిళ్లను స్వెట్టర్‌కు తుడిచి మళ్లీ నా చేతికిచ్చాడు. "నువ్వే తగిలియ్యి."

తగిలించాను. ఈసారి భయం కాదు, సిగ్గేసింది. ముసలాయన ఇరవై ఏళ్లుగా ఒక మనిషి పైకి రావడం కోసం కూర్చుని ఉంటే, నేను ఆ మనిషిని మేజోడులో దాచుకున్నాను.

రెండో సగం మొదలైన పది నిమిషాలకే అవతలి కెప్టెన్ చేతులు ఊపుతూ రిఫరీ దగ్గరికి పరుగెత్తాడు. "సార్! పన్నెండు మంది!" అంత తియ్యటి మాట నా జీవితంలో మళ్లీ వినలేదు. మావాళ్లు ఈలలు వేశారు. రిఫరీ లెక్కపెట్టాడు, పదకొండే. ఆ తర్వాత మేము రెండు గోల్స్ కొట్టాం, రెండూ ఎడమవైపు నుంచే. చివరి నిమిషంలో వాళ్లకు పెనాల్టీ వచ్చింది. నేను దేవుణ్ణి తలుచుకుని, కళ్లు మూసుకుని కుడివైపు దూకాను. బంతి ఎడమవైపు పోయింది. దేనికో తాకిన చప్పుడు విన్నాను. కళ్లు తెరిచేసరికి గీతకు జానెడు ఇవతల, తడిమట్టిలో బంతి ఆగి ఉంది. మర్నాడు పేపర్లో ఒక మూల గోల్‌కీపర్ అద్భుతంగా ఆపాడని వేశారు. మా అమ్మ ఆ ముక్క కత్తిరించి దాచింది. నేను ఆమెకు నిజం చెప్పలేదు.

కప్పు పట్టుకుని మావాళ్లు ఎగురుతున్నారు. తాతను ప్రిన్సిపాల్ సారు కౌగిలించుకుని వదలడం లేదు. ఒక్కొక్కరు బోర్డు దగ్గరికి పోయి బిళ్లలు తీసుకుంటున్నారు. అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. అరవై నాలుగును కూడా నేనే తీసేస్తే, తాత తిరిగి చూసేసరికి బోర్డు ఖాళీగా ఉంటుంది. ఆ ఒక్కరోజైనా ఆయన నిశ్చింతగా ఇంటికి పోతాడు. కావాలనే అందరికంటే చివర పోయాను. నా బిళ్ల తీసుకుని పక్క మేకు మీద చెయ్యి వేశాను.

అక్కడ బిళ్ల లేదు.

తాత కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. బోర్డును చూశాడు. "ఎవరు తీసిండ్రు?" అన్నాడు. ఖాళీ మేకును వేలితో రెండుసార్లు తడిమాడు. "వచ్చినవా?" అన్నాడు, మాతో కాదు. కళ్లు తుడుచుకుని బోర్డును చంకలో పెట్టుకున్నాడు. "పదండి బిడ్డా, జల్దీ పదండి. అందరు వచ్చిండ్రు" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇల్లందు వచ్చేదాకా గురకపెట్టి నిద్రపోయాడు. ఆ తర్వాత ఆ బోర్డు గ్రౌండుకు ఎప్పుడూ తేలేదు. మేమూ మరుసటి ఏడాది నుంచి యథాప్రకారం ఓడిపోయాం.

తాత పోయి చాలా ఏళ్లయింది. నాకిప్పుడు పొట్ట వచ్చింది, ఖమ్మంలో ఒక ఆఫీసు కుర్చీలో ఊరికే అడ్డంగా కూర్చునే పని చేస్తున్నాను. పెళ్లిళ్లలో, చావుల్లో కలిసినప్పుడు పాత జట్టువాళ్లను ఒక్కొక్కరినే అడిగాను, ఆ రోజు బిళ్ల తీసింది నువ్వేనా అని. తొమ్మిది మందీ కాదన్నారు. ఒట్లు కూడా వేశారు. మిగిలింది కెప్టెన్ ఒక్కడే. వాళ్ల ఊళ్లోనే బడిపంతులుగా ఉన్నాడు. తీసి ఉంటే వాడే తీసి ఉండాలి, అలాంటి మనసు వాడిది. మొన్న కొత్త పంట పండుగకు రమ్మని ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడాక, "ఇంకేందిరా సంగతులు?" అన్నాడు. అడుగుదామని నోటిదాకా వచ్చింది. వాడు కూడా కాదంటే ఏం చేయాలో అప్పటి గోల్‌కీపర్‌కే కాదు, ఈ పొట్టాయనకు కూడా తెలియదు.

"ఏం లేదురా, ఇక్కడ చలి జర ఎక్కువైంది" అన్నాను.