నాలుగున్నర శ్రుతి రేకు పిల్లనగ్రోవి

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ దేవుణ్ణి తప్ప ఇంకెవరినీ పరీక్షించకుండా నమ్మేది కాదు. పాలు పోస్తే వేలు ముంచి చూసేది. కిరసనాయిలు కొంటే వాసన చూసేది. మందిరంలో ప్రసంగం జరుగుతున్నప్పుడు కూడా ఒళ్ళో గ్రంథం తెరిచి, చెప్పిన వచనం అక్కడ ఉందో లేదో వెతుక్కునేది. ఉందని చూశాకే ఆమేన్ అనేది.

ఆమదాలవలసలో మా సంఘం చిన్నది. పాటలు ఎత్తేది అమ్మమ్మే. ఆమె గొంతు నాలుగున్నర శ్రుతిలో, అంటే హార్మోనియం మీద ఒక నల్లమెట్టు దగ్గర, హాయిగా నిలిచేది. దానికి పైన పాడితే చీలిపోయేది. ఒక ఏడాది కోతల పండగకు కొద్ది రోజుల ముందు మందిరంలోని హార్మోనియం తిత్తులను ఎలుకలు కొరికేశాయి. ఇక మిగిలింది నా రేకు పిల్లనగ్రోవి, నిలువుగా పట్టి ఊదేది. దాని శ్రుతి ఐదున్నర. అంత ఎత్తున అమ్మమ్మ పాడలేదు, మా పక్కింటి అక్క పాడగలదు. ఈసారికి ఆ అమ్మాయి పాట ఎత్తితే బాగుంటుందేమోనని పెద్దలు మెల్లగా అన్నారు. ఈసారి వదిలిన చోటు మళ్ళీ తన చేతికి రాదని అమ్మమ్మకు తెలుసు.

"ఆ ఎలకలు ఎవులింటివో నాకు తెలుసులే" అంది ఇంటికొచ్చి. పాపం, పక్కింటి అక్కకు ఎలుకలంటే వణుకు.

మర్నాడు పొద్దున్నే నాలుగున్నర శ్రుతి పిల్లనగ్రోవి కొనడానికి రైల్లో నన్ను విజయనగరం తీసుకెళ్ళింది. దారి పొడుగునా ఒకటే జాగ్రత్త చెప్పింది. "కొట్టులో శ్రుతి పేరెత్తకు. ఎత్తినావా, ఏది సేతికొస్తే దాన్నే అదంటాడు."

కొట్టతను నెమ్మదస్తుడే. గోడకు వరసగా పిల్లనగ్రోవులు వేలాడుతున్నాయి, ఒక్కొక్కదానికి శ్రుతి రాసిన కాగితం ముక్క అతికించి ఉంది. "ఏటి శ్రుతి కావాలమ్మా?" అని అడిగాడు. "నాను పాడతాను, దానికి కలిసింది నువ్వే ఇయ్యి నాయనా" అంది అమ్మమ్మ. పాట మొదటి వరస పాడగానే అతను ఒకటి తీసి ఊదాడు. మళ్ళీ ఇద్దరూ కలిసి ఆ వరసే అందుకున్నారు. గొంతూ పిల్లనగ్రోవీ ఒకటే అయిపోయినట్టు వినిపించింది. కాగితం మీద నాలుగున్నర అనే ఉంది. "ఈ శ్రుతి ఎవులూ అడగరమ్మా. ఒక్కటే ఉన్నాది" అంటూ అతను పొట్లం కట్టబోయాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఆగు నాయనా" అని అమ్మమ్మ గోడవైపు తిరిగి చెంగు ముడి విప్పింది. పాడైన హార్మోనియంలోంచి తీసిన, గాలి తగిలితే స్వరం పలికే ఇత్తడి రీడు ఒకటి అందులో ఉంది. ఆ నాలుగున్నర నల్లమెట్టుదే. దాన్ని పెదవుల మధ్య పెట్టి ఊది, అతన్ని మళ్ళీ ఊదమంది. పిల్లనగ్రోవి రీడుకంటే పైన పలికింది. తేడా వెంట్రుకవాసే, కానీ నాకూ తెలిసింది.

కొట్టతని ముఖం మారింది. "ఇందాక కలిసినాది కదమ్మా. పాడింది నువ్వే కదా."

"నాను కలిసిపోనాను నాయనా, అదే బాధ. నువ్వు గట్టిగా ఊదినావు, నా గొంతు నీ ఎనకాల ఎక్కేసినాది. నీదేటి తప్పు?"

"నీ గొంతునే నువ్వు నమ్మకపోతే నానేటి సేసేది?"

"దాన్నే ముందు అనుమానించాల" అంది అమ్మమ్మ.

తర్వాత పిల్లనగ్రోవి నా చేతికిచ్చి, మందిరంలో ప్రార్థన వెనక ఊదినంత మెత్తగా ఊదమంది. ఊదితే ఈసారి రీడుకంటే బాగా కిందికి దిగింది. ఊపిరి ఎటు పోతే అటు పోయే రకమని దాన్ని పక్కన పెట్టేసింది. అతను సణుక్కుంటూనే అటక మీదినుంచి ఒక పాత పెట్టె దింపాడు. అందులో కాగితం లేనివి, మసి పట్టినవి ఉన్నాయి. ఐదోది నా మెత్తని ఊపిరికే రీడుతో కలిసింది. పై స్వరాల్లోనూ నిలిచింది. కొట్టతనికే ఆశ్చర్యం వేసింది. "నాలుగున్నరని రాసి అతికించీనా?"

"వద్దు. రాసుంటే ఈ గుంట సూసుకోడం మానేస్తాది" అంది అమ్మమ్మ నన్ను చూపిస్తూ.

తిరుగు రైల్లో అమ్మమ్మ కొన్న పిల్లనగ్రోవి మసిని చెంగుతో తుడిచి నా చేతికిచ్చింది. తర్వాత నెమ్మదిగా, "పాట మజ్జిలో నా గొంతు జారతాది. వయసయిపోనాది. నువ్వు నా ఎనకాల దిగిపోకు" అంది.

"మరి అందరికీ తెలిసిపోతాది కదే అమ్మమ్మా."

"తెలవనీ. ఇద్దరం దిగిపోతే జారినానని నాకు తెలవదు."

పండగ రోజు మందిరం నిండిపోయింది. మూడో చరణంలో ఆమె చెప్పినట్టే జరిగింది. గొంతు కొద్దిగా కిందికి జారింది. ముందు వరసలో పక్కింటి అక్క తలెత్తడం చూశాను. నేను కాస్త ఊపిరి తగ్గిస్తే చాలు, ఇద్దరం కలిసే ఉన్నట్టు వినిపిస్తుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఆమె పరువు నా ఊపిరిలో ఉందనిపించి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా దిగలేదు. ఒక వరస పొడుగునా రెండు ధ్వనులు ఒకదాన్నొకటి ఒరుసుకున్నాయి. అందరూ విన్నారు. అమ్మమ్మ కళ్ళు తెరిచి, పాలలో వేలు పెట్టినప్పటి చూపుతోనే నన్ను చూసింది. పాట ఆపింది. గుక్క తిప్పుకుని, నా స్వరం దగ్గరికి ఎక్కి వచ్చి మళ్ళీ ఎత్తుకుంది. ఆమె వెనక మొదట కలిసిన గొంతు పక్కింటి అక్కదే.

ఇప్పుడు సంఘంలో పాటలు ఎత్తేది నేను. ఎవరితోనైనా నా మాట మరీ బాగా కలిసిపోయిందంటే, నేను చూసి కలిశానా, లాగితే పోయానా అని మొదటి అనుమానం నా మీదే వస్తుంది. నేను జారిన రోజున, ప్రేమ కొద్దీ నాతో పాటు జారిపోని మనిషిని ఒక్కరినైనా నా దగ్గర ఉంచమని ఈనాటికీ ప్రభువును అడుగుతూనే ఉన్నాను.