కారు అన్నకు, టాపు తమ్ముడికి

ఆ కారును నేను ఇష్టపడి కొనలేదు, కోపంతో కొన్నాను. ఇప్పుడు దాన్ని చూసి మురిసిపోయేవాళ్ళు, సెల్ఫీలు దిగేవాళ్ళు ఆ మాట చెబితే నమ్మరు. ఈ వయసులో ఆడమనిషికి భలే సరదా అంటారు. సరదా ఏమీ లేదు.

మైదుకూరు దగ్గర మా ఊళ్ళో ఒక పెద్ద రైతు ఉండేవాడు. పసుపు తోటలు, మిద్దెలు, ఊరందరి మీదా పెత్తనం. మద్రాసులో ఎవరో దొర అమ్ముతుంటే ఆ కారు కొనుక్కొచ్చాడట. ముదురాకుపచ్చ రంగు, పొడవాటి ముక్కు, రెండే సీట్లు, చక్రాలకు సైకిలు చక్రాలకు ఉన్నట్టు తీగలు. దాని టాపు ఊడి వచ్చేది. బోల్టులు విప్పి ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటే కొట్టంలో పెట్టేయవచ్చు. చల్లపూట ఆయన టాపు తీసేసి మైదుకూరు దాకా పోయి వచ్చేవాడు. పక్క సీట్లో ఒక కుక్క కూర్చునేది.

నేను అదే దారిలో హైస్కూలుకు నడిచేదాన్ని. మా నాయన ఊళ్ళో దర్జీ, ఆ ఇంటివాళ్ళ బట్టలూ ఆయనే కుట్టేవాడు. ఆ కారు పోయినప్పుడల్లా మా నోళ్ళలో దుమ్ము. ఒకరోజు బడి నుంచి వస్తుంటే చెప్పు తెగింది. తారు కాలుతోంది. వెనక కారు చప్పుడు వినిపించి, తెలిసిన మనిషే కదా అని చేయి ఎత్తాను. ఆయన కారు నెమ్మది చేశాడు. నా కాళ్ళ వంక చూశాడు.

"చెయ్యి దించు" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి ఏడుస్తూ చెబితే మా అమ్మ నన్నే కొట్టింది, పెద్దింటి కారుకు చెయ్యెత్తుతావా అని. ఆ దెబ్బ అమ్మది కాదు, ఆయనదే అని నాకు అప్పుడే అనిపించింది.

తర్వాత చదువుకున్నాను, కర్నూలులో రక్తపరీక్షల ల్యాబు పెట్టుకున్నాను, పెళ్ళి చేసుకున్నాను. ఆ పెద్దాయన పోయాడని విన్నప్పుడు ఏమీ అనిపించలేదు. రెండేళ్ళ కిందట మైదుకూరులో ఒక పెళ్ళికి పోతే, పక్కన భోంచేస్తున్నామె మాటల్లో చెప్పింది, పెద్ద కొడుకు ఆ కారు అమ్మకానికి పెట్టినాడని. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని, "నేను కొంటా" అన్నాను.

నా భర్త బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. జీవితంలో ఆయన ఇష్టపడి కొన్న వస్తువు ఇన్వర్టరు ఒక్కటే.

"పాత ఇనుము కొంటాండావు. పాత సామాన్లోడు గూడా దాన్ని తీసుకోడు" అన్నాడు.

"నిన్ను కొనమన్లేదు."

"నన్నెప్పుడు అడిగినావులే."

అప్పటినుంచి మా ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అయినా కారు చూడటానికి బయల్దేరిన రోజు ఆయనా వచ్చాడు. తోడుగా రాలేదు, అడ్డం పడటానికి వచ్చాడు.

పెద్ద కొడుకు మమ్మల్ని వసారాలోనే నిలబెట్టాడు. అరవై దాటిన మనిషి, తండ్రి ముక్కే ముఖానికి. మాట్లాడినంతసేపూ నా భర్తతోనే మాట్లాడాడు.

"ఏమప్పా, బండి యాడికి తీసకపోతావు?"

"నాకేం తెలీదు. ఆయమ్మను అడుగు" అన్నాడు మావారు.

"ఆయమ్మ నడుపుతాదా?"

"నేనే నడుపుతా" అన్నాను.

అప్పుడు నన్ను చూశాడు. "నువ్వు బట్టలు కుట్టే ఆయప్ప కూతురివి గదా? మీ నాయన మా నాయనకు జుబ్బాలు కుట్టేటోడు. ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి."

"చేతులే అట్లుండెనేమో" అన్నాను.

నా భర్త దగ్గాడు. పెద్ద కొడుకు నవ్వలేదు. పనిమనిషిని కేకేసి కొట్టం తీయించాడు. కారు పసుపు బస్తాల మధ్య ఉంది. ముదురాకుపచ్చ రంగు మీద పసుపు దుమ్ము మందంగా పేరుకుపోయి ఉంది. సీట్ల తోలు పగిలింది. ఇంజను మాత్రం రెండు మూడు దగ్గుల తర్వాత అందుకుంది. నేను బేరం ఆడలేదు. ఆడితే ఆ మనిషి నాకోసం ఏదో వదులుకున్నట్టు అవుతుంది. కాగితాల మీద సంతకాలయ్యాక అడిగాను.

"టాపు యాడుండాది?"

అతను గోడ వైపు చూశాడు. "టాపు లేదు."

"లేకపోవడమేంది? చిన్నప్పుడు నేను చూడలేదా?"

"ఉండాది. నా దగ్గర లేదు. నందికొట్కూరులో ఆ దొంగ దగ్గర ఉండాది."

దొంగ అంటే సొంత తమ్ముడు. తండ్రి పోయాక ఆస్తి పంచుకునేటప్పుడు కారు అన్న భాగానికి వచ్చిందట. కానీ టాపు అప్పుడు పాత కొట్టంలో దూలానికి తాళ్ళతో వేలాడుతోంది. ఆ కొట్టం తమ్ముడి భాగం. కొట్టంలో ఉన్నదంతా కొట్టంతోటే వస్తుందని తమ్ముడు పట్టుబట్టాడు, పెద్దమనుషులు సరే అన్నారు. తమ్ముడు కొట్టం అమ్ముకుని, టాపు మాత్రం ట్రాక్టరులో వేసుకుని, భార్య ఊరు నందికొట్కూరు వైపు వెళ్ళిపోయాడు. అన్నదమ్ములకు మాటల్లేవు.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు గదా."

నా భర్త ముఖంలో ఆ రోజు మొదటిసారి సంతోషం చూశాను.

టాపు లేని కారును కర్నూలుకు నేనే నడుపుకుంటూ వచ్చాను. ఆయన మా కారులో, ఏసీ వేసుకుని, వెనకే వచ్చాడు. ఎండాకాలం అప్పుడే మొదలవుతోంది. దువ్వూరు దాటేసరికి నెత్తి మాడిపోయింది. చాగలమర్రి దగ్గర ఇంజను పొగలు కక్కింది. బానెట్ తెరిచి నిలబడితే టీ కొట్టు దగ్గర కుర్రాళ్ళు నవ్వారు. "అక్కా, పైకప్పు గాలికి పోయిందా?" అని ఒకడు అరిచాడు. బండలు మోసే లారీ ఒకటి ఆళ్ళగడ్డ దాకా నా పక్కనే వచ్చింది, డ్రైవరు వంగి వంగి లోపలికి చూస్తూ. నంద్యాల చేరేసరికి చేతులు, మెడ కందిపోయి మండుతున్నాయి. నా భర్త ఒక నీళ్ళ సీసా ఇచ్చి, "ఇంకా కోపం ఉండాదా, అయిపోయిందా?" అని అడిగాడు. సీసా తీసుకుని సగం నెత్తిన పోసుకున్నాను.

ఒళ్ళు మంట తగ్గాక నందికొట్కూరు వెళ్ళాం. ఈసారి మా కారులో, ఇద్దరం.

తమ్ముడు పొలంలో ఉన్నాడు. అన్నకంటే బక్కగా ఉన్నాడు, ముక్కు అదే. బోరు దగ్గర నాలుగు కడప బండలు నిలువుగా పాతి, వాటి మీద ఆ టాపు బోర్లించి పెట్టాడు. దాని కింద మోటారు స్టార్టరు డబ్బా. టాపు వెనక అద్దంలోంచి జొన్నచేను కనిపిస్తోంది. ఆకుపచ్చ రంగు ఎండకు వెలిసి బూడిద రంగులోకి దిగింది, మీద పిట్టల రెట్టలు. నాకు కడుపు మండింది. ఆ పెద్దాయన మీద నాకు ఏ ప్రేమా లేదు, అయినా మండింది.

"మా అన్న పంపిచ్చినాడా నిన్ను?" అన్నాడు, నేను విషయం చెప్పగానే.

"ఎవరూ పంపలేదు. కారు నాది ఇప్పుడు. టాపు కూడా కొనుక్కుంటా, ఎంతో చెప్పు."

"నేను అమ్మను."

"స్టార్టరుకు రేకు వేయిస్తా. కొత్త డబ్బా కొనిస్తా."

"నీకు అర్థం కాలా? అమ్మను. మా అన్న వచ్చి నోరు తెరిచి అడిగితే ఊరికే ఇస్తా. ఒక్క రూపాయి వద్దు. రావాల, అడగాల."

"రాడు" అన్నాను.

"రాకుంటే ఇది ఈడనే ఉంటాది."

నాకు ఓపిక పోయింది. ఫోను తీసి అన్నకు కలిపి స్పీకరు పెట్టాను. "నేను కారు కొన్న మనిషిని. మీ తమ్ముని పొలంలో ఉండా. టాపు కోసం వచ్చినా. మీరొక మాట అడిగితే ఇస్తాడంట. ఆయన వింటాండాడు" అన్నాను.

అవతల టీవీ చప్పుడు ఆగింది.

"వింటాండాడా? బాగా విననీ. నాయన్ను కాటికి మోసకపోయి వచ్చి కాళ్ళు గూడా కడుక్కోకముందే కొట్టం బీగాలు అడిగినోనితో నాకేం మాటలమ్మా? చెప్పు వానికి."

తమ్ముడు ఫోనుకేసి చూడలేదు. నన్నే చూస్తూ గట్టిగా అన్నాడు. "బీగాలు మార్చింది ఎవరో అడుగమ్మా. నాయన గుడ్డలన్నా ఒక జత ఇయ్యమంటే ఇచ్చినాడేమో అడుగు."

"గుడ్డలు యాడివి వానికి? ఆస్పత్రికి ఎన్నిసార్లు వచ్చినాడో అడుగు."

"రానిచ్చినాడా అని అడుగు."

ఎండలో ఫోను పట్టుకుని నిలబడి, వాళ్ళిద్దరి తిట్లూ నేనే మోశాను. ఇద్దరి గొంతూ ఒకటే. కళ్ళు మూసుకుంటే ఒక మనిషి తనను తానే తిట్టుకుంటున్నట్టు ఉంది. చివరకు అన్న అన్నాడు, "వాడు సచ్చినా నేను అడగను. ఆ టాపు మీద వాన్నే పండుకోమను." ఫోను పెట్టేశాడు.

తమ్ముడు పక్కనున్న గడ్డపార తీసుకుని టాపు అంచు కింద దూర్చి ఎత్తాడు. టాపు బండల మీద నుంచి జారి రాళ్ళ మీద పడింది. వెనక అద్దం భళ్ళున పగిలింది. ఒక మూల సొట్టపోయింది. నా భర్త నన్ను వెనక్కి లాగాడు.

"తీసకపో. మళ్ళ ఈ దిక్కు రావద్దు" అని గడ్డపార పారేసి చేలోకి వెళ్ళిపోయాడు.

వెళ్ళిపోతుంటే ఆ మనిషి భుజాలు అదురుతుండటం చూశాను. జాలిపడాలేమో. నాకు జాలి రాలేదు. అద్దం దొరకదే అని తిట్టుకున్నాను.

నందికొట్కూరు నుంచి ట్రాలీ ఆటో పిలిపించి, గాజు ముక్కలు దులిపి, ఆ టాపును నా భర్త, ఆటో అతను ఎత్తి వేశారు. దారిపొడుగునా ఆయన వేళ్ళ మీద గీసుకున్న చోట నోటితో ఊదుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది, తిరిగి అనేదాన్ని.

కర్నూలులో డెంటింగ్ షాపుకు కారూ టాపూ రెండూ చేర్చాం. మర్నాడు షాపతను రమ్మని పిలిచాడు. కారు ముందు అద్దం పక్కన రంగు గీకి చూపించాడు. టాపు బోల్టులు కూర్చునే ఇనుప ముక్కలు కారు మీద లేవు. గ్రైండరు పెట్టి, నున్నగా, రంగు వేసి మరీ ఎవరో కోసేశారు.

అక్కడి నుంచే అన్నకు ఫోను చేశాను.

"అవును, నేనే కోయిచ్చినా" అన్నాడు. "ఏదో ఒక రోజు వాడు కారు గూడా కాజేసి టాపు తగిలిచ్చుకుంటాడని."

"మరి నిన్న పొలంలో నా చేత అంత అడుక్కునేటట్లు ఎందుకు చేసినావయ్యా?"

"నిన్ను నేను పొమ్మన్నానా?"

ఆ తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. షాపులో పనిచేసేవాళ్ళు సుత్తులు ఆపి విన్నారు. మా అమ్మ ఉంటే మళ్ళీ కొట్టేది.

కొత్తగా ఇనుము వెల్డింగు చేయించాను. అద్దం బదులు మందపాటి ప్లాస్టిక్ షీటు కోసి పెట్టారు. సొట్ట పూర్తిగా పోలేదు. టాపు కారు మీద కూర్చుంది, కానీ అంచులు కలవవు. ఇన్నేళ్ళు ఎండలో ఉండి అది వంగిపోయింది. ఆ కారులో ల్యాబుకు వెళ్ళడం మొదలుపెట్టాను. అపార్ట్‌మెంటులో వాళ్ళు పొగ అంటారు, చప్పుడు అంటారు. పైన ఇంటాయన ఒకసారి చక్రాల గాలి తీశాడు. నేను అతని స్కూటరుకు అడ్డంగా పెట్టి తాళం వేసుకుని పోయాను.

వానాకాలంలో ఒక సాయంత్రం, మా వేరే కారు బాగుకిచ్చి ఉంది. నా భర్త కూరగాయల సంచితో రైతుబజారు బయట వానలో నిలబడి ఉన్నాడు. ఆటోలు ఒక్కటీ ఆగడం లేదు. నేను కారు ఆపాను. అప్పటిదాకా ఒక్కసారి కూడా అందులో కాలు పెట్టని మనిషి, చుట్టూ చూసి, వేరే దారి లేక ఎక్కాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. సంచి ఒళ్ళో. టాపు అంచు దగ్గర నీళ్ళు కారి సరిగ్గా ఆయన భుజం మీద పడుతున్నాయి.

"దీన్ని అమ్మేయ్" అన్నాడు.

"దిగు" అన్నాను.

దిగలేదు. సంచిలోంచి ఒక క్యాబేజీ ఆకు పీకి, నీళ్ళు కారే సందులో కుక్కి, చేత్తో అదిమి పట్టుకున్నాడు. ఇల్లు చేరేదాకా ఆ చేయి తీయలేదు.